మంచం పట్టె, 4 మిల్లీమీటర్లు, ఒక పాత బ్యాండ్‌సా

అందరికీ నమస్తే. వెనక వినపడుతోందా? ఆ, సరే. మైకు కొంచెం కీచుమంటోంది, పర్లేదు, నా షెడ్డులో వచ్చే సౌండ్లతో పోలిస్తే ఇది సంగీతమే.

నన్ను పిలిచినప్పుడు "ఇంట్లో గిటార్ ఎలా చేస్తారో చెప్పండి" అన్నారు. అరగంటలో అది చెప్పడం నావల్ల కాదండి, నా మొదటి గిటారుకి 14 నెలలు పట్టింది, అది కూడా ఐదో ఫ్రెట్, అంటే ఐదో మెట్టు, దాటితే శ్రుతి తప్పుద్ది. (నవ్వులు) అందుకే ఒక్క మిషన్ గురించే మాట్లాడతా అన్నా, బ్యాండ్‌సా, అంటే పైనొకటి కిందొకటి రెండు చక్రాల మీద బెల్టులాగా తిరిగే రంపం. ఇంకా సూటిగా చెప్పాలంటే చిన్న బ్యాండ్‌సా నుంచి పెద్దదానికి మారడం గురించి, ఎందుకంటే వారానికి ఒకళ్లైనా నాకు ఫోన్ చేసి "అన్నా, ఏ మిషన్ కొనమంటావ్" అని అడుగుతున్నారు, అందరికీ ఒకేసారి చెప్పేస్తే నా ఆదివారాలు నాకు మిగుల్తాయి.

నేను మల్కాజిగిరిలో ఉంటా. పగలు ఆఫీసు. కారు పెట్టుకోవాల్సిన షెడ్డు 10 అడుగులు బై 14 అడుగులు, కారు రోడ్డు మీద ఉంటుంది, గిటార్లు షెడ్డులో ఉంటాయి, ఈ విషయంలో మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది, దాని వివరాలు ఇక్కడ వద్దు. ఇప్పటికి 11 గిటార్లు చేశా, అందులో సిగ్గు పడకుండా ఇంకొకళ్ల చేతిలో పెట్టగలిగినవి 6.

మా సొంతూరు పార్వతీపురం వైపు. చిన్నప్పుడు మా మావయ్య బొబ్బిలి వెళ్తే నన్ను కూడా తీసుకెళ్లేవాడు, అక్కడ గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల వాకిట్లో కూర్చోబెట్టి తన పనికి తను పోయేవాడు. నేను గంటలు గంటలు చూసేవాణ్ణి. పనస దుంగ ఒకటే ఉంటుంది, బాడిశతో, ఉలితో కుండ అంతా తవ్వుతారు, అతుకు లేకుండా ఒకే చెక్క. అక్కడ పనంతా అక్కర్లేని చెక్కని తీసేయడమే. గిటారు దానికి రివర్సు, అంటే అకౌస్టిక్ గిటారు. అందులో తవ్వేదేం లేదు, పల్చగా పలకలు కోసి, వేడి పెట్టి వంచి, పెట్టెలాగా అతికిస్తాం. వీణ తవ్వేది, గిటారు కోసేది. కాబట్టి వీణకి ఉలి ఎంతో గిటారుకి రంపం అంత. నాకు ఇది అర్థం కావడానికి నాలుగు గిటార్లు పట్టింది, అప్పటిదాకా నేను ఉలులు కొనుక్కుంటూ కూర్చున్నా.

కొలతలు చెప్తా, ఇవి తెలిస్తేనే మిగతాది అర్థమవుద్ది. గిటారు వెనక భాగం రెండు పలకలు. ఒక్కోటి 8 అంగుళాల పైన వెడల్పు, 21 అంగుళాల పొడుగు. అంతా చిత్రిక పట్టి, సాండ్‌పేపర్ కొట్టి ఫినిష్ చేశాక మందం రెండున్నర మిల్లీమీటర్లు. పక్క పలకలు 33 అంగుళాల పొడుగు, 4 నుంచి 5 అంగుళాల వెడల్పు, మందం 2 మిల్లీమీటర్లు, అంతకన్నా మందముంటే వంచేటప్పుడు ఫట్ మంటాయి. వెనక రెండు పలకలూ ఒకే చెక్కలోంచి పక్కపక్కన కోసినవి అయ్యుండాలి, పుస్తకం తెరిచినట్టు తెరిచి అతికిస్తే గీతలు ఇటు అటు అద్దంలో చూసినట్టు కలవాలి. బుక్ మ్యాచ్ అంటారు దాన్ని. మధ్యలో రంపం ఎంత చెక్క తినేస్తే గీతలు అంత తేడా వస్తాయి.

అంటే మనం చెయ్యాల్సింది ఏంటి, 8 అంగుళాల ఎత్తు పలకని మిషన్ మీద నిలబెట్టి, 4 మిల్లీమీటర్ల మందం స్లైసు, పైనుంచి కింద దాకా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంతో తియ్యాలి. బ్రెడ్డు స్లైసు లాగా అనుకోండి, కాకపోతే బ్రెడ్డు ఇనుములాగా ఉంటుంది. దీన్ని రీసా అంటారు. గిటార్ చేసేవాడికి బ్యాండ్‌సాతో ఉండే అసలు పని ఇదే, వంపులు కొయ్యడం అనేది చేత్తో పట్టుకునే చిన్న రంపం మిషన్, ఏ జిగ్‌సాతో అయినా అయిపోద్ది.

నా మొదటి మిషన్ బల్ల మీద పెట్టుకునే 10 అంగుళాల బ్యాండ్‌సా. ఇక్కడ ఒక సంగతి, 10 అంగుళాలు అంటే అది 10 అంగుళాల ఎత్తు చెక్క కోస్తుందని కాదు, చాలామంది అలాగే కొంటున్నారు, నేనూ అలాగే కొన్నా. 10 అంటే లోపల చక్రం సైజు. చెక్క ఎత్తు 4 అంగుళాల దగ్గర ఆగిపోద్ది. మోటారు అర హెచ్‌పీ కూడా లేదు.

ఇప్పుడు మంచం కథ. మా నాయనమ్మది పట్టెమంచం ఒకటి ఉండేది, ఇరుగుడు చేవ, అదే ఇప్పుడు రోజ్‌వుడ్ అంటున్నాం. కాళ్లు రెండు విరిగి అటక మీద ఇరవై ఏళ్లు పడుంది. మా బాబాయ్ ఒక సంక్రాంతికి "ఇది పొయ్యిలోకే రా" అంటే నేను లబోదిబోమని బస్సు టాప్ మీద వేసుకుని హైదరాబాద్ తెచ్చేసా. పక్క పట్టెలు ఆరడుగులు పొడుగు, అంగుళంన్నర మందం. తలవైపు పలక నాలుగడుగులు, 9 అంగుళాల వెడల్పు. మీకు తెలుసో లేదో, ప్రపంచంలో పెద్ద పెద్ద గిటారు కంపెనీలన్నీ వెనకకి, పక్కలకి వాడే రోజ్‌వుడ్ మన ఇండియాదే, ఆ చెక్క మా అటక మీద బొద్దింకల మధ్య పడుంది.

పట్టె తీసుకుని మిషన్‌లో పట్టేట్టు 4 అంగుళాలకి చీల్చుకున్నా, చిన్న సైజు గిటారు చేద్దాంలే అని. 33 అంగుళాలకి కోసా. నాలుగున్నర మిల్లీమీటర్లకి గీత గీసి, ఫెన్సు, అంటే చెక్కని ఆనించి నెట్టే బద్ద, అది పెట్టి, నెట్టడం మొదలుపెట్టా. మొదటి పది అంగుళాలు వెన్నలాగా. ఆ వాసన ఉంటుంది చూడండి రోజ్‌వుడ్ కోస్తుంటే, గులాబీ నీళ్లలాగా, నాకు అప్పుడు నేనో పెద్ద పనిమంతుణ్ణి అనిపించింది. తర్వాత సౌండు మారింది. జుయ్ మనేది గుర్ మంటోంది. కింద పొట్టు రాలడం తగ్గింది. నేనేం చేసా, ఇంకా గట్టిగా నెట్టా. వాసన కూడా మారింది, గులాబీ కాస్తా కాలిన కట్టె అయింది. పైన చూస్తే బ్లేడు గీత మీదే ఉంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. మొత్తం అయ్యాక స్లైసు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే... పైన నాలుగున్నర, కింద 2, మధ్యలో పొట్ట ఉబ్బి 6. ఆ చివర అయితే కింద అంచు కాగితం. చక్కు ముక్కలా ఉంది. మా నాయనమ్మ ముగ్గురు పిల్లల్ని కన్న మంచం అది.

ఇక్కడే నేను వెంటనే పెద్ద మిషన్ కొనెయ్యాలి అనుకున్నా, మీరూ అదే అనుకుంటారు. ఆగండి. ముందు బ్లేడు చూడండి. మిషన్‌తో పాటు డబ్బాలో వచ్చిన బ్లేడుకి అంగుళానికి 10 పళ్లు. 4 అంగుళాల చెక్కలో ఒకేసారి 40 పళ్లు ఉన్నట్టు. పన్నుకి పన్నుకి మధ్య ఉండే గుంట ఉంది కదా, చెక్కలోంచి బయటపడేదాకా పొట్టుని అదే మోసుకురావాలి. గుంట చిన్నది, దారి 4 అంగుళాలు, సగం దారిలోనే నిండిపోద్ది, నిండాక పన్ను కొయ్యదు, రుద్దుద్ది. రుద్దితే వేడి, వేడెక్కితే బ్లేడు సాగుద్ది, సాగింది వదులై మధ్యలో విల్లులాగా వంగుద్ది. నా పొట్ట ముక్క కథ మొత్తం ఇదే. అంగుళానికి 3 పళ్ల బ్లేడు, అర అంగుళం వెడల్పుది వేస్తే 40 పళ్ల చోట 12. అదే మిషన్, అదే మోటారు, రెండో పట్టె నెమ్మదిగా కోస్తే పక్క పలకలు దాదాపు బాగానే వచ్చాయి. కొత్త మిషన్ ఖర్చులో అది ఎన్నో వంతు కూడా కాదు. కాబట్టి నాకు ఫోన్ చేసేవాళ్లకి నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే, ఇప్పుడున్న మిషన్‌కి ఏ బ్లేడు వేసావ్? సగం మంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు.

ఇంకో మాట, ఈ రోజ్‌వుడ్ లోపల సున్నంలాంటి తెల్ల గీతలు ఉంటాయి, అవి బ్లేడు మొనని తినేస్తాయి. నిన్న బాగా కోసిన బ్లేడు ఇవాళ పక్కకి లాగుతుంటే ఫెన్సు మీద అనుమానపడకండి, పన్ను మొన చూడండి.

సరే, మంచి బ్లేడు వేసాక కూడా రెండు చోట్ల ఆగిపోయా. ఒకటి ఎత్తు, 8 అంగుళాల పలక దూరదు. ఇది అందరికీ కనపడే సమస్య. రెండోది కనపడదు, అదే అసలుది, టెన్షన్. మనది కాదు, బ్లేడుది. (నవ్వులు) అర అంగుళం బ్లేడు, మందం 0.6 మిల్లీమీటర్లు, అడ్డంగా కోస్తే కనపడే మొహం 8 చదరపు మిల్లీమీటర్లు వేసుకోండి. మామూలు స్టీలు బ్లేడు సరిగా నిలబడాలంటే చదరపు మిల్లీమీటరుకి 10 కిలోల లాగుడు కావాలి, అంటే ఒక వైపు 80 కిలోలు, బ్లేడు రెండు వైపులా ఉంటుంది కాబట్టి పై చక్రాన్ని 160 కిలోలతో పైకి ఎత్తి పట్టుకోవాలి. చిన్న మిషన్‌లో స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోయినా అది రాదు, నేను స్క్రూ ఇంకా తిప్పితే బ్లేడు బిగుసుకోలేదు, మిషన్ వెన్నెముకే వంగింది, కళ్లతో చూసా, తలుపు గొళ్లెం పడటం మానేసింది. అదే ముప్పావు అంగుళం బైమెటల్, అంటే రెండు లోహాలు అతికిన బ్లేడు సరిగా బిగించాలంటే ఆ లెక్క అర టన్ను దగ్గరికి పోద్ది. అర టన్ను లాగుడుని రోజంతా వంగకుండా పట్టుకునే ఒళ్లు, అది కొంటున్నాం మనం పెద్ద బ్యాండ్‌సా అని. హెచ్‌పీ తర్వాత.

మధ్యలో ఒక అడ్డదారి ప్రయత్నించా, సామిల్లు. తలవైపు పలకని రెండు ముక్కలు చేసి ఒక ముక్క తీసుకెళ్లా. మిల్లు ఆయన చెక్కని చూడగానే "పాత చెక్క, మేకులుంటాయి, నేను ముట్టను" అన్నాడు. న్యాయమే, ఆయన బ్లేడు ఖరీదు ఆయనది. ఇంటికొచ్చి పాత స్పీకరు అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక పైన మెల్లగా తిప్పితే రెండు చోట్ల ఊగింది. తీస్తే చేత్తో కొట్టిన పాత ఇనప మేకులు, తలలు లేవు. ఆ తర్వాత కోసాడు పాపం. కానీ అది దుంగలు చీల్చే మిషన్, దూలాలకి, ద్వారబంధాలకి. రంపమే 3 మిల్లీమీటర్లు తింటుంది, నాలుగు మిల్లీమీటర్ల స్లైసు అంటే నవ్వాడు, ఆరు తియ్యనిచ్చాడు. 38 మిల్లీమీటర్ల పలకలో నాలుగు స్లైసులు వచ్చాయి, అలలు అలలుగా. ఇంట్లో సన్న బ్లేడుతో అయితే ఆరు రావాలి. మిగతా ముక్కని గుడ్డలో చుట్టి మళ్లీ అటక ఎక్కించా, ఈసారి మా ఇంటి అటక. అప్పుడు నిజంగా మిషన్ వెతకడం మొదలైంది.

కొత్తది కొనాలంటే ఎక్కువమంది చూసేది 14 అంగుళాల మిషన్. పోత ఇనుముతో రెండు భాగాలు, మామూలుగా 6 అంగుళాల ఎత్తు కోస్తుంది, మధ్యలో రైజర్ బ్లాక్ అని ఒక దిమ్మ పెడితే 12 అవుతుంది. కాగితం మీద బావుంటుంది. కానీ ఒక్కటి చూడండి, ఎత్తు డబుల్ అయింది, మోటారు అదే 1 హెచ్‌పీ, స్ప్రింగ్ అదే. 8 అంగుళాల రోజ్‌వుడ్‌కి ఒకటిన్నర, రెండు హెచ్‌పీ లేకపోతే ఆయాసపడుద్ది. కొత్తవాటిలో స్టీలు డబ్బా ఫ్రేముతో వచ్చేవి ఉన్నాయి, అవి రైజర్ లేకుండానే 10, 12 అంగుళాలు కోస్తాయి, వంగవు కూడా, డబ్బులుంటే నేను అవే కొనమంటా. నాకు లేవు.

మా ఫ్రెండు ఒకడు డల్లాస్ నుంచి వచ్చేస్తూ కంటెయినర్లో తన 14 అంగుళాల మిషన్ కూడా తెచ్చుకున్నాడు, "నువ్వు తీసుకో, నేను వాడను" అన్నాడు. ఇక్కడ బయట దేశాల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వినండి. అది 110 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటాం, కానీ హెర్ట్జ్‌ని ట్రాన్స్‌ఫార్మర్ మార్చదు. మన కరెంటు 50. అక్కడ నిమిషానికి 1725 తిరిగే మోటారు ఇక్కడ 1425 తిరుగుద్ది, బ్లేడు స్పీడు ఆరో వంతు పడిపోద్ది, పైగా మోటారు వేడెక్కుద్ది. పుల్లీ మారిస్తే స్పీడు సరిచెయ్యొచ్చు, వేడికి మందు లేదు, మోటారు మార్చడమే. నేను వద్దన్నా. వాడు అలిగాడు.

చివరికి దొరికింది కుషాయిగూడ వైపు, ఒక ఫర్నిచర్ వర్క్‌షాపు మూసేస్తున్నారు. మూల 18 అంగుళాల బ్యాండ్‌సా, పంజాబ్ బటాలాలో పోత పోసినది, ఆకుపచ్చ రంగు, మీద పాతికేళ్ల పొట్టు, 10 అంగుళాల ఎత్తు కోస్తుంది, 300 కిలోల బరువు. చక్రాల మీద రబ్బరు చచ్చిపోయింది, బేరింగులు గరగరమంటున్నాయి, బ్లేడు పక్కకి పోకుండా పట్టుకునే గైడ్ల చోట ఎవరో చెక్క ముక్కలు కోసి పెట్టారు. ఇవేవీ నేను పట్టించుకోలేదు. పాత మిషన్ కొనేటప్పుడు నేను చూసేవి మూడే, పోతలో పగులుందా, చక్రం షాఫ్టు ఊగుతోందా, టెన్షన్ స్క్రూ మరలు బతికున్నాయా. పగులు ఎలా తెలుస్తుందంటే, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే చిన్న పానా తీసుకుని ఒళ్లంతా కొట్టుకుంటూ పోండి, ఖంగ్ మంటే మంచిది, ఎక్కడైనా మొద్దుగా మోగితే దండం పెట్టి వచ్చెయ్యండి. అంత పెద్ద పోతని ఎవడూ అతకలేడు. ఇది ఒళ్లంతా గుడి గంటే. బేరం 42 వేలకి తెగింది. ట్రాలీ ఆటో, నలుగురు హమాలీలు, కింద దొర్లించడానికి నీళ్ల పైపు ముక్కలు. షెడ్డులో నాలుగు టైల్స్ పగిలాయి, ఒక టైలు మీద నిలబడే నేను డబ్బులు లెక్కపెట్టి ఇచ్చా.

ఇప్పుడు కరెంటు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, అందుకని కొంచెం విడమరిచి చెప్తా. పాత మిషన్ల మోటారు త్రీ ఫేజ్, మన ఇళ్లకి సింగిల్ ఫేజ్. అందుకే ఇలాంటి మిషన్లు మనలాంటివాళ్లకి చవగ్గా దొరుకుతాయి కూడా. దారి ఏంటంటే వీఎఫ్‌డీ అనే డబ్బా, సింగిల్ ఫేజ్ 230 తీసుకుని త్రీ ఫేజ్ 230 ఇస్తుంది, 3 హెచ్‌పీ దాకా మామూలుగా దొరుకుతాయి. చిక్కు ఎక్కడంటే మోటారు మీద 415 అని రాసుంటుంది. 3 హెచ్‌పీ లోపు మోటార్లలో లోపలి తీగ చుట్లు ఎక్కువగా స్టార్ అనే పద్ధతిలో కట్టుంటాయి, దాన్ని డెల్టా అనే ఇంకో పద్ధతికి మారిస్తే 240కి సరిపోద్ది. మూత తీసి చూడండి, లోపల ఆరు వైర్లు ఉంటే మీ అదృష్టం, మూడు రేకుల స్థానం మారిస్తే అయిపోయింది. నాది తీస్తే మూడే వైర్లు, స్టార్ ముడి వైండింగ్ లోపలే కట్టి వార్నిష్ పోసేసారు. రాణిగంజ్ దగ్గర రివైండింగ్ చేసే ఒక పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, వార్నిష్ వేడి చేసి, పళ్లలో ఇరుక్కున్న పీచు తీసినంత ఓపిగ్గా ఆ ముడి విప్పి, మూడు వైర్లు అతికి బయటకి లాగాడు. అరగంట. నేను ఇచ్చింది తీసుకుని "టీ తాగి వెళ్లు" అన్నాడు.

వీఎఫ్‌డీకి సింగిల్ ఫేజ్ వైపు కరెంటు గట్టిగా లాగుతుంది, 20 ఆంపియర్లు దాటుద్ది, గీజరు ప్లగ్గుకి పెట్టకండి. విడిగా 4 స్క్వేర్ వైరు, 32 ఆంప్స్ ఎంసీబీ, ఎలక్ట్రీషియన్ చేత లాగించండి, ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో చూడమనండి, మన ఇళ్లలో మూడో పిన్ను చాలాసార్లు అలంకారమే. లాభం కూడా ఉంది, మిషన్ ఒక్కసారిగా గుద్దుకుని లేవదు, మెల్లగా స్పీడందుకుంటుంది, వీధిలో లైట్లు మిణుకుమనవు. 18 అంగుళాల చక్రం చుట్టుకొలత మీటరూ నలభై, నిమిషానికి 650 తిరిగితే బ్లేడు 900 మీటర్ల పైన పోద్ది, చెక్కకి అది మంచి స్పీడు.

చక్రాలకి కొత్త రబ్బరు అతికించి, తిరుగుతుండగా పేపర్ పట్టి మధ్యలో కొంచెం ఉబ్బెత్తు వచ్చేలా చేసా, ఆ ఉబ్బెత్తే బ్లేడుని జారకుండా మధ్యలో నిలబెడుతుంది. చక్రం చేత్తో తిప్పి వదిలితే ప్రతిసారీ ఒకే వైపు కిందకి వచ్చి ఆగేది, అంటే అటు బరువు, వెనక నుంచి డ్రిల్లుతో కొంచెం కొంచెం తినేసా. నా పరీక్ష ఏంటంటే పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ల టేబుల్ మీద అంచు మీద నిలబెట్టి మిషన్ ఆన్ చెయ్యాలి. మొదటి రోజు బిళ్ల ఎగిరి షెడ్డు బయట పడింది. మూడు ఆదివారాలు పట్టింది అది నిలబడటానికి.

బ్లేడు గురించి ఒక్క ముక్క, మన దగ్గర కాయిల్ నుంచి కావాల్సిన పొడుగు కోసి వెల్డింగ్ చేసిస్తారు. ఆ అతుకు సాఫీగా లేకపోతే ప్రతి చుట్టుకీ టిక్, టిక్ అని గైడ్లని కొడుతుంది, స్లైసు మీద గీతలు పడతాయి. వేలితో వెనక అంచు తడిమి తీసుకోండి, గుచ్చుకుంటే అక్కడే గ్రైండ్ చేయించండి. అసలు ఈ మిషన్ చరిత్రే అతుకు చరిత్ర. ఇంగ్లండ్‌లో విలియం న్యూబెరీ పేటెంట్ తీసుకుని 200 ఏళ్లు దాటింది, కానీ బ్లేడు అతుకు దగ్గర తెగిపోతుంటే దశాబ్దాల పాటు ఎవరికీ పనికిరాలేదు. 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పౌలిన్ క్రెపాన్ అనే ఆవిడ అతుకు పద్ధతి పట్టుకున్నాకే బ్యాండ్‌సా అనేది నిజంగా మొదలైంది.

ఇక ఆ మిగిలిన ముక్క. అటక దించా. ఒక మొహం, ఒక అంచు చిత్రిక పట్టి, గజం బద్ద పెట్టి వెలుగు కనపడకుండా చూసుకున్నా. ముప్పావు అంగుళం బ్లేడు, అంగుళానికి 3 పళ్లు. టెన్షన్ ఎలా చూస్తానంటే గార్డు పైకెత్తి, మిషన్ ఆన్ చేసి, దూరంగా నిలబడి, బ్లేడు వణికేదాకా వదులు చేసి, వణుకు ఆగేదాకా బిగించి, అక్కడి నుంచి ఇంకో పావు చుట్టు. ఫెన్సు పెట్టే ముందు ఒక పనికిరాని చెక్క మీద గీత గీసి చేత్తో నెట్టి చూసా, బ్లేడు తనంతట తాను ఎటు వెళ్తోందో ఆ కోణానికి ఫెన్సు తిప్పా. తర్వాత రోజ్‌వుడ్. 21 అంగుళాలు, నిమిషంన్నర పట్టింది. నెట్టలేదు, అది తింటోంది, నేను పెడుతున్నా, అంతే. పొట్టు ఊదా రంగులో సన్నగా, ఆగకుండా రాలుతోంది. సౌండు మొదట్నుంచి చివర దాకా ఒక్కటే. మందం కొలిచే వెర్నియర్ పెట్టి నాలుగు మూలలు కొలిస్తే తేడా 0.2 మిల్లీమీటర్లు. ఆ 38లోంచి ఆరు స్లైసులు వచ్చాయి. మొదటి రెండూ పుస్తకంలా తెరిచి బల్ల మీద పెట్టి మా ఆవిడని పిలిచా. ఆవిడ చూసి "మంచం బావుంది" అంది. (నవ్వులు)

కోసిన వెంటనే అతికించెయ్యకండి, లోపలి చెక్క ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి గాలి చూస్తోంది, వంగుద్ది. మధ్యలో బద్దలు పెట్టి పేర్చి, పైన బరువు పెట్టి నెల రోజులు వదిలెయ్యండి, వానాకాలం అయితే ఇంకా ఎక్కువ.

ప్రశ్నలుంటే అడగండి. ఆ తమ్ముడు.

(సభలో ఒకరు: అన్నా, నేను ఎలక్ట్రిక్ గిటార్లే చేస్తా, నాకు పెద్దది కావాలా?)

అక్కర్లేదు. నీ గిటారు బాడీ మందం 45 మిల్లీమీటర్లు. 10 అంగుళాల మిషన్, పావు అంగుళం బ్లేడు చాలు, ముప్పావు అంగుళం రేడియస్ వంపు దాకా హాయిగా తిరుగుద్ది. గీత బయట 2 మిల్లీమీటర్లు వదిలి కోసి, టెంప్లేట్ పెట్టి రౌటర్, అదే అంచులు చెక్కే మిషన్, తిప్పుకో. ఆ డబ్బుతో మంచి ఫ్రెట్ వైరు, పికప్‌లు కొనుక్కో. పైన బుక్ మ్యాచ్ టాప్ వెయ్యాలనిపించిన రోజు ఫోన్ చెయ్, నా షెడ్డులో కోసిస్తా. ఆదివారం కాదు.

(ఒక మహిళ: మాది అపార్ట్‌మెంట్ అండీ, సౌండ్ ఎంత వస్తుంది?)

మేడం, ఖాళీగా తిరిగితే బ్యాండ్‌సా మిక్సీ కన్నా నయం. గోలంతా పొట్టు లాగే డస్ట్ కలెక్టరుది. కానీ అది ఆపకండి, కిటికీలు మూసి అయినా వాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొట్టుని సిగరెట్ పొగతో పాటు ఒకే గ్రూపులో పెట్టింది, నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. రోజ్‌వుడ్ పొట్టుకైతే దద్దుర్లు కూడా వస్తాయి, నాకు మోచేతుల దగ్గర వచ్చాయి, ఇప్పుడు ఫుల్ చేతులు, ఎన్95 మాస్క్ లేకుండా స్విచ్ ముట్టను. అపార్ట్‌మెంట్‌లో 300 కిలోల మిషన్ వద్దు, కింద ఫ్లోర్ వాళ్లకి మీ గిటార్ నచ్చదు.

(ఒక పెద్దాయన: బాబూ, రోజ్‌వుడ్ కొనడం అమ్మడం మీద రూల్స్ ఉన్నాయంటారు కదా?)

ఉన్నాయండీ. సైటీస్ అని అంతర్జాతీయ ఒప్పందం, 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి మొత్తం అందులోకి వచ్చింది, దేశం దాటించాలంటే పర్మిట్లు. 2019 నవంబర్ నుంచి తయారైపోయిన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు, చెక్కకి కాదు. మా మంచం ఊరు దాటింది గానీ దేశం దాటలేదు. మీరు డిపోలో కొంటే బిల్లు తీసుకుని జాగ్రత్తగా పెట్టుకోండి, అంతే నా సలహా.

(ఇంకొకరు: బ్లేడు ఎప్పుడైనా తెగిందా?)

ఒకసారి. తుపాకీ పేలినట్టు. తలుపులు మూసున్నాయి కాబట్టి లోపలే చుట్టుకుపోయింది. అప్పుడు భయపడి స్విచ్ ఆపేసా గానీ చక్రాలు ఆగవు కదా, పోత ఇనుము, నిమిషం దాకా తిరుగుతూనే ఉంటాయి, తలుపు తీసి చూద్దామని చెయ్యి వెళ్లింది, మధ్యలో ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోయింది. పూర్తిగా ఆగేదాకా తలుపు తియ్యొద్దు. గైడు కూడా ఎప్పుడూ చెక్కకి పావు అంగుళం పైకే దించండి, మీ వేలు దూరేంత ఖాళీ ఉంచకండి. చివరి రెండు అంగుళాలు చేత్తో కాదు, కర్రతో నెట్టండి.

(ఎవరో: ఆ పాడైపోయిన మొదటి ముక్క ఏమైంది?)

ఆ, అది ఉంది. పారెయ్యలేదు. మందంగా ఉన్న చోట రెండు బ్రిడ్జి ప్లేట్లు, అంటే తీగలు ఆనే చోట లోపలి వైపు అతికించే ముక్కలు, వచ్చాయి, కొంచెం మంచిగా ఉన్న చోట హెడ్‌స్టాక్, అంటే గిటారు తల, మీద అతికించే రేకు ఒకటి వచ్చింది, ఆ మంచం గిటారుకే వేసా. మిగిలిన చివర ముక్క ఇదిగో, సంచిలో తెచ్చా. ఇటు నుంచి పంపిస్తా, బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టుకుని మెల్లగా లాగండి, సగం దాకా వెళ్లాక మందం మారిపోవడం మీకే తెలుస్తుంది. మేకు దిగిన చోట చిన్న నల్ల మచ్చ కూడా ఉంటుంది చూడండి. చూసాక వెనక్కి ఇచ్చెయ్యండి, అది మా నాయనమ్మది.